పెంపుడు కుక్కతో నలుగురిలోకి వెళ్లేటప్పుడు మర్యాదగా నడుచుకోవడం ఎలా?

కుక్కను వెంటబెట్టుకుని వీధిలో నడిచేవారి నోట తరచుగా వినిపించే మాట ఒకటి ఉంది: “భయపడకండి, మా కుక్క ఏమీ అనదు.” ఆ మాట చెప్పేవారి ఉద్దేశం మంచిదే, చాలా సందర్భాల్లో అది నిజం కూడా కావచ్చు. కానీ ఆ కుక్క స్వభావం ఎలాంటిదో తెలిసినది దానిని పెంచినవారికే తప్ప ఎదురుగా వస్తున్న మనిషికి కాదు. ఆ మనిషి చిన్నతనంలో కుక్కకాటుకు గురై ఉండవచ్చు, కాస్త తగిలినా పడిపోయేంత వయసు మళ్లినవారు కావచ్చు, కుక్క వెంట్రుకలు పడక ఆయాసంతో బాధపడేవారు కావచ్చు, లేదా ఏ కారణమూ లేకుండానే కుక్కలంటే ఇష్టం లేనివారు కావచ్చు. వీరిలో ఎవరూ తమ కారణాన్ని మనకు వివరించవలసిన పని లేదు. కుక్కకూ తమకూ మధ్య ఎంత దూరం ఉండాలో తేల్చుకునే హక్కు దారిన పోయే మనిషిది. ఆ దూరాన్ని అడిగించుకోకుండానే పాటించడం కుక్కను తీసుకువచ్చినవారి బాధ్యత. కింద చెప్పే పద్ధతులన్నింటికీ ఇదే ఆధారం.

గడప దాటక ముందు

మొట్టమొదట టీకాల సంగతి చూడండి. కుక్కపిల్లకు 6 నుంచి 8 వారాల వయసులో టీకాలు మొదలుపెట్టి, 16 వారాలు నిండేవరకు 2 నుంచి 4 వారాల ఎడంతో మళ్లీ మళ్లీ వేయిస్తారు. తల్లి పాల ద్వారా వచ్చిన రక్షణ కొంతకాలం టీకాను పూర్తిగా పని చేయనివ్వదు కాబట్టి ఒక్కసారి వేయించి ఊరుకుంటే సరిపోదు. రేబిస్ టీకా ఎప్పుడు వేయాలో, ఎన్నాళ్లకు ఒకసారి మళ్లీ వేయించాలో పశువైద్యుడు చెబుతారు. ఆ తేదీలున్న పుస్తకాన్ని ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకోండి, అవసరం పడినప్పుడు ఎదుటివారికి వెంటనే చూపించవచ్చు. నులిపురుగుల మందు కూడా వేళకు వేయించండి. అది కుక్క ఆరోగ్యం కోసం మాత్రమే కాదు, మీ కుక్క తిరిగే పార్కులో ఆడుకునే పిల్లల కోసం కూడా.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కుక్కపిల్ల లోకాన్ని చూసి భయం లేకుండా అలవాటుపడే వయసు దాదాపు 3 వారాల నుంచి 14 వారాల వరకే ఉంటుంది, టీకాలు పూర్తయ్యేది ఆ తర్వాత. అందువల్ల టీకాలు పూర్తికాని పిల్లను నేల మీద వదలకుండా చేతుల్లో ఎత్తుకునో, సంచిలో కూర్చోబెట్టుకునో బయటకు తీసుకువెళ్లండి. వాహనాల రొద, గొడుగు తెరిచే చప్పుడు, చేతికర్రతో నడిచేవారు, టోపీ పెట్టుకున్నవారు, పరుగెత్తే పిల్లలు, ఇవన్నీ దూరం నుంచి ప్రశాంతంగా చూసే అవకాశం దానికి ఇవ్వండి. ఈ వయసులో ఇంటి నాలుగు గోడలూ తప్ప మరేదీ చూడని కుక్కే పెద్దయ్యాక కనబడిన ప్రతి కొత్త మనిషినీ చూసి మొరుగుతుంది.

మెడపట్టీకి మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ల తగిలించండి. మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే చిన్న గుర్తింపు చిప్) వేయించి ఉంటే దాని 15 అంకెల సంఖ్య మీ ప్రస్తుత ఫోన్ నంబరుతో నమోదై ఉందో లేదో సరిచూసుకోండి. చిప్ అనేది కుక్క ఎక్కడుందో చూపించే పరికరం కాదు, స్కానర్‌తో చదివితే మాత్రమే సంఖ్య తెలుస్తుంది కాబట్టి చిప్ ఉన్నా బిళ్ల అవసరం తీరదు.

కుక్కకు దగ్గు, విరేచనాలు, చర్మవ్యాధి ఉన్నప్పుడు ఇతర కుక్కలు తిరిగే చోటికి తీసుకువెళ్లకండి. ఆడకుక్క ఎదకు వచ్చిన రోజుల్లో, అంటే రమారమి రెండు మూడు వారాలపాటు, రద్దీ లేని వేళల్లో, రద్దీ లేని దారుల్లో మాత్రమే నడిపించండి. దాని వాసన మగకుక్కలకు చాలా దూరం నుంచే తెలుస్తుంది. వాటి మధ్య పోట్లాటలు మొదలైతే వాటి యజమానులనో, వీధికుక్కలనో తప్పుపట్టడం న్యాయం కాదు.

తాడు, పట్టీ, చిక్కం

మెడపట్టీకీ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరేంత వదులు ఉండాలి. అంతకన్నా వదులైతే కుక్క వెనక్కి గుంజుకున్నప్పుడు తల జారి బయటకు వస్తుంది, బిగుతైతే ఊపిరికి అడ్డం. బలంగా లాగే కుక్కకూ, మూతి చప్పిడిగా ఉండే జాతుల కుక్కకూ మెడపట్టీకి బదులు ఛాతీ మీదుగా వేసే హార్నెస్ మేలు. తాడు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల పొడవుంటే చాలు. కుక్క వాసన చూడడానికి ఆ పొడవు సరిపోతుంది, అవసరమైతే ఒక్క అడుగులో మీరు దాని పక్కకు చేరగలుగుతారు.

డబ్బాలోంచి సాగుతూ వచ్చే తాడును జనసమ్మర్దం ఉన్న చోట వాడవద్దని గట్టిగా చెబుతాను. ఐదారు మీటర్ల దూరంలో కుక్క, మరో కొసన యజమాని, మధ్యలో కంటికి సరిగా ఆనని సన్నని తాడు ఉంటే, వెనక నుంచి సైకిల్ మీద వచ్చేవారికి అది కనబడదు. అది కాళ్లకు చుట్టుకుని లాగితే చర్మం కోసుకుపోతుంది. పైగా తాడు ఎప్పుడూ కాస్త బిగుతుగా లాగుతూనే ఉంటుంది కాబట్టి, లాగితే ముందుకు పోవచ్చునన్న పాఠాన్ని కుక్క అడుగడుగునా నేర్చుకుంటుంది. విశాలమైన ఖాళీ మైదానంలో దానికి తగిన స్థానం ఉండవచ్చు, మెట్ల మీద, దుకాణాల ముందు, కాలిబాట మీద లేదు.

చిక్కం గురించి చాలామందిలో అనవసరమైన సిగ్గు ఉంది. మూతికి చిక్కం వేసిన కుక్కను చూసి జనం క్రూరమైనదని అనుకుంటారేమోనని జంకుతారు. నిజానికి బెదిరితే కరవబోయే అలవాటున్న కుక్కకు, నేల మీద కనబడినదల్లా తినేసే కుక్కకు చిక్కం రక్షణే. గుడ్డతో మూతిని బిగించే రకం మాత్రం నడకకు పనికిరాదు, ఎందుకంటే కుక్కలకు ఒంటి వేడి తగ్గించుకునే ప్రధాన మార్గం నోరు తెరిచి రొప్పడమే. నోరు తెరవడానికీ, నీళ్లు తాగడానికీ వీలిచ్చే బుట్టలాంటి చిక్కాన్ని ఎంచుకుని, ఇంట్లోనే కొన్ని రోజులపాటు తిండి ముక్కలు దానిలో పెట్టి, కుక్క తనంతట తానే మూతి దూర్చేలా అలవాటు చేయండి.

ఇంట్లో నేర్పవలసిన నాలుగు మాటలు

వీధిలో మర్యాదగా ఉండాలంటే వీధిలో నేర్పితే చాలదు. పేరు పిలవగానే మీ వైపు చూడడం, కూర్చోమంటే కూర్చోవడం, “వదిలెయ్” అంటే వదిలేయడం, రమ్మంటే రావడం, ఈ నాలుగూ ముందు చప్పుడు లేని గదిలో, తర్వాత మేడ మీదనో పెరట్లోనో, ఆ తర్వాత నిర్మానుష్యమైన వీధిలో నేర్పి, చివరికి జనం మధ్యకు తీసుకురండి. బఠాణీ గింజంత తిండి ముక్కలు జేబులో ఉంచుకుని, సరిగా చేసిన క్షణంలోనే ఒకటి ఇవ్వండి. కాస్త ఆలస్యమైనా, ఆ ముక్క ఎందుకు వచ్చిందో కుక్కకు అర్థం కాదు.

తాడు లాగకుండా నడవడం నేర్పడానికి ఓపిక ఒక్కటే ఉపాయం. తాడు బిగుసుకున్న మరుక్షణం మీరు ఆగిపోండి. కుక్క వెనక్కి తిరిగి చూసినప్పుడో, ఒక అడుగు వెనక్కి వేసినప్పుడో తాడు వదులవుతుంది, అప్పుడు మళ్లీ నడవండి. మొదట్లో వీధి చివరికి చేరడానికే చాలాసేపు పడుతుంది. పని తొందరలో ఉన్న రోజు ఈ శిక్షణ పెట్టుకోకండి, ఎందుకంటే ఒక రోజు ఆగి మరో రోజు లాగనిస్తే, ఇంకాస్త గట్టిగా లాగి చూద్దామనే అది నేర్చుకుంటుంది.

ఎదుటి మనిషిని చూసి మొరిగినందుకు కుక్కను కొట్టడం, తాడును ఒక్క గుంజు గుంజడం చాలామందికి సహజంగా తోచే పని. పక్కవారికి మనం అదుపు చేస్తున్నట్టు కనబడుతుంది కూడా. కానీ కుక్క లెక్క వేరు. సైకిల్ తొక్కే పిల్లవాడు కనబడిన ప్రతిసారీ మెడకు నొప్పి కలిగితే, ఆ నొప్పికి కారణం పిల్లవాడేనని దానికి తోస్తుంది, తర్వాతిసారి ఇంకా దూరంలో ఉండగానే, ఇంకా గట్టిగా మొరుగుతుంది. గుర్రుమన్నందుకు శిక్షిస్తే గుర్రుమనడం మానేస్తుంది గానీ భయపడడం మానదు. అలాంటి కుక్క హెచ్చరిక లేకుండా కరుస్తుంది. అందుకని, మొరగడం మొదలుకాక ముందే, అది పిల్లవాణ్ణి చూసి ఇంకా నిబ్బరంగా ఉన్నంత దూరంలోనే పేరు పిలిచి, మీ వైపు చూడగానే ముక్క పెట్టండి. దూరాన్ని రోజులు గడిచేకొద్దీ తగ్గించుకుంటూ రండి.

కుక్క ఒంటిని చదవడం

తోక ఆడిస్తే సంతోషంగా ఉన్నట్టేనన్న నమ్మకం ఎన్నో ప్రమాదాలకు కారణం. నడుముతో సహా ఒళ్లంతా వదులుగా ఊగుతూ తోక ఆడితే అది స్నేహమే. తోక నిటారుగా లేచి, ఒళ్లు బిగుసుకుని, కొస మాత్రం గబగబా కదులుతూ ఉంటే అది ఉద్రేకం. తిండి ఎదురుగా లేకపోయినా మూతి నాకుకోవడం, నిద్ర వేళ కాకపోయినా ఆవలించడం, తల పక్కకు తిప్పుకుని కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడడం, తోకను కాళ్ల మధ్యకు ముడుచుకోవడం, ఒక్కసారిగా కదలకుండా నిలబడిపోవడం, ఇవన్నీ తనకు ఇబ్బందిగా ఉందని కుక్క చెప్పే తీరులు. వీటిలో ఏది కనబడినా పలకరింపును అక్కడితో ఆపి, కుక్కను పక్కకు తీసుకువెళ్లండి. “చూడండి, ఎంత బుద్ధిగా కూర్చుందో” అని మురిసిపోయే క్షణంలో అది బిగుసుకుపోయి ఉండడం చాలాసార్లు జరుగుతుంది.

మెట్లు, లిఫ్టు, కాలిబాట

తలుపు తీయగానే కుక్క బయటకు ఉరకకుండా, ముందు దాన్ని కూర్చోబెట్టి, మీరు బయటకు తొంగి చూసిన తర్వాత కదలండి. లిఫ్టు తలుపులు తెరుచుకున్నప్పుడు లోపల ఎవరైనా ఉంటే, “మీరు వెళ్లండి, మేము తర్వాత వస్తాం” అని చెప్పి పక్కకు జరగండి. వారే రమ్మంటే వెళ్లవచ్చు. మీరు లోపల ఉండగా ఎవరైనా ఎక్కబోతే, కుక్కను మూలకు చేర్చి, దానికీ వారికీ మధ్య మీరు నిలబడి, తాడును పొట్టిగా పట్టుకోండి. “కుక్క ఉంది, ఫరవాలేదా?” అని అడిగి, వారు తటపటాయిస్తే మీరే దిగిపోండి. లిఫ్టు ఇరుకు గది, తప్పుకునే చోటు లేదు కాబట్టి, అక్కడ మొహమాటంతో సరే అన్నవారి సరేను పూర్తి సమ్మతిగా తీసుకోకపోవడం మంచిది. లిఫ్టు తలుపుల మధ్య తాడు చిక్కుకోవడం ప్రాణాంతకం కూడా కాబట్టి, కుక్క పూర్తిగా లోపలికి వచ్చిందని చూసిన తర్వాతే చేయి మీట మీదకు పోవాలి.

కాలిబాట మీద ఎవరైనా ఎదురొస్తున్నప్పుడు కుక్కను వారికి అవతలి పక్కకు మార్చుకోండి, అంటే వారికీ కుక్కకూ మధ్య మీరు ఉండాలి. దారి ఇరుకైతే మీరే ఆగి, పక్కకు తిరిగి, కుక్కను కూర్చోబెట్టి, వారిని దాటిపోనివ్వండి. ఎదుటివారు రోడ్డు మీదికి దిగి తప్పుకోవలసిన పరిస్థితి తేకండి. పరుగెత్తేవారు, సైకిళ్లు, చక్రాల కుర్చీలు కనబడగానే తాడును కుదించండి. వేగంగా కదిలేదాన్ని తరమడం కుక్కకు పుట్టుకతో వచ్చిన గుణం, అది ఎంత బుద్ధిమంతురాలైనా ఆ గుణం పోదు. మలుపుల దగ్గర, ఆగి ఉన్న వాహనాల మధ్య కుక్క మీకన్నా ముందు ఉండకూడదు. చీకటి పడ్డాక నడిచేటప్పుడు కుక్క మెడలో మెరిసే పట్టీనో, చిన్న దీపమో ఉంటే వాహనాలవారికీ, ఎదురొచ్చేవారికీ ముందుగానే తెలుస్తుంది.

నడక సాగినంతసేపూ ఫోన్ జేబులోనే ఉండాలి. అలాగే, ఒక కుక్కను దాని బలానికి ఆపలేని పిల్లల చేతికి ఒంటరిగా అప్పగించి పంపవద్దు. కుక్క వారి మాట వింటుందన్నది వేరు, అది ఉరికిన క్షణంలో వారు ఆపగలరా అన్నది వేరు.

మనుషులు పలకరించేటప్పుడు

మీ అంతట మీరు కుక్కను ఎవరి దగ్గరికీ తీసుకువెళ్లకండి. వారే ఆసక్తి చూపితే, ముందు మీ కుక్కను చూడండి. దానికి ఇష్టం లేనట్టు కనబడితే, “ఈ రోజు వద్దండీ, అది కొంచెం బెదిరి ఉంది” అని నిర్మొహమాటంగా చెప్పేయవచ్చు. దీనికి ఎవరూ నొచ్చుకోరు, నొచ్చుకున్నా కరిపించుకోవడం కన్నా అదే నయం.

చిన్నపిల్లలు పలకరించే సందర్భంలో మాత్రం ఒక క్రమం తప్పకుండా పాటించండి. పిల్లవాడు పరుగున వస్తుంటే చేయి అడ్డంగా చాచి, “ఆగు నాన్నా, నడిచి రా” అని చెప్పండి. వెంట ఉన్న పెద్దవారిని అడగకుండా ముట్టుకోనివ్వకండి. వారు సరేనంటే, కుక్కను మీ పక్కన కూర్చోబెట్టి, మీరు కిందికి వంగి మెడపట్టీ దగ్గర ఒక చేయి ఉంచండి. పిల్లవాడు కుక్కకు ఎదురుగా కాకుండా పక్కగా నిలబడాలి. చేయి కుక్క తల మీదుగా రాకూడదు, పై నుంచి వచ్చే చేతిని చూసి చాలా కుక్కలు బెదురుతాయి. ఛాతీ మీదనో భుజం మీదనో రెండు మూడుసార్లు నిమిరించి, చేయి తీసేయమనండి. అప్పుడు కుక్క దగ్గరికి జరిగితే మరికాసేపు నిమరవచ్చు, పక్కకు తిరిగితే పలకరింపు పూర్తయినట్టే. కౌగిలించుకోవడం, ముఖంలో ముఖం పెట్టడం, తోక పట్టుకోవడం కుదరదని మొదటే చెప్పండి. ఫొటో కోసమని వీటికి మినహాయింపు ఇవ్వకండి. పిల్లలకు కుక్కకాట్లు తరచుగా తలకూ ముఖానికీ తగులుతాయి, వారి ఎత్తు అలాంటిది.

మీదికి ఎగిరే కుక్క విషయంలో, “ముద్దుగా అలా చేస్తుందండీ” అనే సంజాయిషీ ఎంతమాత్రం చెల్లదు. తాడును నేలకు తెచ్చి కాలితో తొక్కిపెట్టండి, నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నప్పుడే పలకరింపు దొరుకుతుందని దానికి అలవాటవుతుంది. ఎవరి బట్టలైనా పాడైతే శుభ్రం చేయించే ఖర్చు మీరే ఇస్తామని వారు అడగకముందే చెప్పండి.

ఇతరుల కుక్కకు అడగకుండా తిండి పెట్టవద్దు. ద్రాక్షపండ్లు, చాక్లెట్, ఉల్లిపాయ, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన చక్కెరలేని మిఠాయిలు కుక్కలకు విషం. ఇవి కాకపోయినా, ఆ కుక్కకు పడని తిండి ఏదో దాని యజమానికే తెలుస్తుంది.

ఎదురుగా మరో కుక్క వచ్చినప్పుడు

రెండు కుక్కలు కనబడగానే ఒకదానినొకటి పలకరించుకోవాలన్న నియమం ఏదీ లేదు. పలకరించుకోకుండా ప్రశాంతంగా దాటిపోవడమే నేర్పవలసిన అసలు విద్య. తాడు మీద ఉన్న కుక్కలు ఎదురెదురుగా, ముఖాముఖి కలుసుకోవడం వాటి సహజ పద్ధతికి విరుద్ధం. స్వేచ్ఛగా ఉన్న కుక్కలు పక్కగా, వంపు తిరుగుతూ దగ్గరికి వస్తాయి. పలకరించనివ్వాలనుకుంటే ముందు ఆ యజమానిని దూరం నుంచే అడిగి, ఒప్పుకుంటే రెండు తాళ్లూ వదులుగా ఉంచి, మూడు లెక్కపెట్టేంతసేపు వాసన చూడనిచ్చి, వెనక్కి పిలవండి. తాళ్లు ముడిపడితే ఉత్సాహం కాస్తా పోట్లాటగా మారుతుంది.

తాడుకు పసుపు రిబ్బను కట్టి ఉంటే, ఆ కుక్కకు దూరం కావాలని అర్థం, ఈ పద్ధతి అనేక దేశాల్లో వాడుకలో ఉంది. చూపు లేనివారికి దారి చూపే కుక్క, ఇతర సహాయక శునకాలు పనిలో ఉన్నప్పుడు వాటిని పిలవకండి, మీ కుక్కను వాటి దరిదాపులకు పోనివ్వకండి. ఆ కుక్క దృష్టి చెదిరితే దాని మీద ఆధారపడి అడుగు వేస్తున్న మనిషికి ప్రమాదం.

వీధికుక్కలు ఉండే దారిలో వాటి స్థావరాన్ని చుట్టి వెళ్లండి. అవి మొరుగుతూ వస్తే పరుగెత్తకుండా, మీ కుక్కను వెనక్కి చేర్చుకుని, నెమ్మదిగా అడుగులు వేస్తూ దాటండి. రాళ్లు విసిరితే ఆ పగ తర్వాత ఆ దారిన వెళ్లే అందరికీ తగులుతుంది.

తాడు విప్పి వదలడానికి అనుమతి ఉన్న చోట్ల కూడా, మీరు పిలిస్తే ఆటను మానుకుని వచ్చే కుక్కను మాత్రమే వదలండి. కుక్కల కోసం కంచె వేసిన పార్కులకు సాధారణంగా రెండు గేట్లు ఉంటాయి. ఆ రెండింటి మధ్య ఆగి తాడు విప్పి లోపలికి పంపండి, ఎందుకంటే స్వేచ్ఛగా తిరిగే కుక్కల మధ్య తాడుతో ఉన్న కుక్క తాను చిక్కుకుపోయానని బెదిరి తిరగబడుతుంది. లోపలికి తిండి, బొమ్మలు తీసుకుపోకపోవడం శ్రేయస్కరం.

మలమూత్రాల విషయం

కుక్కలున్నవారి మీద జనానికి ఉన్న కోపంలో అధిక భాగం ఈ ఒక్క విషయం వల్ల వస్తుంది, ఆ కోపం న్యాయమైనది. మలం ఎండిపోతే మట్టిలో కలిసిపోతుంది కదా అనే వాదన తప్పు. కుక్క పేగుల్లో ఉండే టాక్సోకారా అనే ఏలికపాము గుడ్లు మలంతో బయటపడి, రెండు నుంచి నాలుగు వారాల్లో సోకే స్థితికి వస్తాయి, మలం ఆనవాలు లేకుండా పోయిన తర్వాత కూడా మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటాయి. ఆ మట్టిలో ఆడుకుని చేతులు నోట్లో పెట్టుకునే పిల్లల ఒంట్లోకి అవి చేరితే, అరుదుగానైనా, కంటిచూపు కూడా దెబ్బతినే అవకాశం ఉంది. కొంకి పురుగుల పిల్లలు ఉత్తకాళ్లతో నడిచేవారి చర్మంలోంచి దూరుతాయి. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి నిలిచి ఉంటుంది. పశువుల పేడలాగా ఇది ఎరువు కాదు.

ఎత్తివేయడానికి మామూలు పాలిథీన్ సంచులు చాలు, అవసరమైనదానికన్నా రెండు ఎక్కువ జేబులో పెట్టుకోండి. సంచిని చేతికి తొడుగులాగా తొడుక్కుని, మలాన్ని దగ్గరగా గుప్పిట్లోకి తీసుకుని, రెండో చేత్తో సంచి అంచును పట్టుకుని లోపలిది బయటకు తిరగేసినట్టుగా లాగి, గాలి తీసేసి ముడి వేయండి. ఎండుటాకులతో పాటు ఎత్తితే నేలకు అంటుకున్నది కూడా వచ్చేస్తుంది. విరేచనంగా ఉంటే ముందు మట్టినో, ఇసుకనో, చించిన కాగితాలనో దాని మీద చల్లి, ఒక నిమిషం ఆగి ఎత్తి, మిగిలినచోట నీళ్లు పోయండి. ముడి వేసిన సంచిని చెత్తబుట్టలోనే వేయాలి. చెత్తబుట్ట కనబడకపోతే ఇంటిదాకా తీసుకురావాలి. తర్వాత తీసుకుందామని చెట్టుకొమ్మకు తగిలించి, మరచిపోయి వెళ్లడం మలాన్ని వదిలేయడం కన్నా అన్యాయం, ఎందుకంటే అప్పటివరకు కరిగిపోయేది కాస్తా ప్లాస్టిక్‌లో నిలవ ఉంటుంది. చీకట్లో, చూసేవారు లేనిచోట కూడా ఎత్తండి.

మూత్రం విషయంలో కొంత ముందుచూపు కావాలి. ఇంటి నుంచి బయలుదేరిన వెంటనే ఎవరికీ ఇబ్బంది లేని మట్టి నేల దగ్గరికి తీసుకువెళ్లి, ఆ పని పూర్తయ్యాకే మిగిలిన దారిలో నడిపించండి. ఇతరుల గేట్లు, వాహనాల చక్రాలు, పూలకుండీలు, దుకాణాల మెట్లు, పిల్లల ఆటస్థలాల దగ్గర కాలెత్తనివ్వకండి. ఒక నీళ్ల సీసా వెంట ఉంటే పొరపాటు జరిగినచోట కడిగేయవచ్చు.

దుకాణాలు, భోజనశాలలు, ప్రయాణాలు

ముందుగా అడగండి, అడగకుండా లోపలికి అడుగు పెట్టవద్దు. భోజనశాలలో అనుమతి ఉంటే, బయటి వరుసలో, దారికి పక్కగా ఉండే బల్లను ఎంచుకుని, ఒక చాప పరిచి కుక్కను దాని మీద పడుకోబెట్టండి. తాడును బల్ల కాలికి కట్టకండి, అది ఒక్కసారి ఉరికితే బల్లతో సహా అంతా కింద పడుతుంది. వడ్డించేవారు దాటే దారికి దాని తోక కూడా అడ్డం రాకూడదు. మనుషులు తినే పళ్లెంలో కుక్కకు పెట్టవద్దు, దానికి వేరే గిన్నె తెచ్చుకోండి. పది నిమిషాలకు మించి మొరుగుతూ ఉంటే ఆ పూట భోజనం మానుకుని లేచి వెళ్లడమే సరైన పని.

దుకాణం బయట స్తంభానికి కట్టేసి లోపలికి వెళ్లవద్దు. దాన్ని ఎవరైనా ఆటపట్టించవచ్చు, విప్పుకుని పోవచ్చు, భయపడి అది దారిన పోయేవారిని కరవవచ్చు. కారులో వదలడం ఇంకా ప్రమాదం. బయట 24 డిగ్రీల హాయైన వాతావరణం ఉన్నా, మూసిన కారు లోపలి వేడి పది నిమిషాల్లో 34 డిగ్రీలకు, అరగంటలో 43 డిగ్రీలకు చేరుతుంది. కిటికీ కాస్త దించి ఉంచడం వల్ల పెద్దగా తేడా రాదు. ఎండవేళ నడవవలసి వస్తే అరచేతి వెనకభాగాన్ని రోడ్డు మీద ఆనించి చూడండి. ఏడు లెక్కపెట్టేవరకు ఉంచలేకపోతే ఆ నేల మీద కుక్కను నడిపించవద్దు.

బస్సులు, రైళ్లలో నియమాలు ఒక్కోచోట ఒక్కో విధంగా ఉంటాయి, టికెట్ కొనక ముందే తెలుసుకోండి. అనుమతి ఉన్నా రద్దీ లేని వేళను ఎంచుకుని, సీటు మీద కాకుండా మీ కాళ్ల మధ్య నేల మీద కూర్చోబెట్టండి.

అనుకోనిది జరిగితే

కుక్క ఎవరినైనా కరిచినా, పంటిగాటు పడినా, మొదట దానిని దూరంగా కట్టేసి, గాయపడినవారి దగ్గరికి మీరు వెళ్లండి. వాదన అసలే వద్దు. “మీరు చేయి అలా పెట్టారు కాబట్టి” అనే మాట ఆ సమయంలో నోట రాకూడదు. గాయాన్ని ధారగా పడే నీటి కింద, సబ్బుతో 15 నిమిషాలపాటు కడగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పసుపు, సున్నం, కారం వంటివేవీ పూయనివ్వకండి. రక్తం ఆగిన తర్వాత వారిని ఆసుపత్రికి మీరే తీసుకువెళ్లి, ఖర్చు మీరే భరించండి. మీ కుక్కకు టీకాలు వేయించి ఉన్నా, వైద్యుడు సూచించిన చికిత్సను మానుకోమని వారికి చెప్పవద్దు. టీకాల పుస్తకం ఫొటోను వైద్యుడికి చూపించి, మీ పేరు, చిరునామా, ఫోన్ నంబరు బాధితులకు రాసి ఇవ్వండి.

ఆ తర్వాత 10 రోజులు కుక్కను ఇంట్లోనే, ఇతరులకు దూరంగా ఉంచి గమనించాలి. రేబిస్ ఉన్న కుక్క లాలాజలంలో వైరస్ కనబడేది లక్షణాలు మొదలయ్యే కొద్ది రోజుల ముందు నుంచే కాబట్టి, కరిచిన 10 రోజుల తర్వాత కూడా అది ఆరోగ్యంగా ఉంటే, కరిచిన సమయంలో దాని నుంచి రేబిస్ సోకే అవకాశం లేదని తేలుతుంది. ఆ పది రోజులూ ఒక్క రోజు కూడా తప్పకుండా బాధితులకు ఫోన్ చేసి, గాయం ఎలా ఉందో అడిగి, కుక్క తింటోందో లేదో, ఎలా ఉందో చెప్పండి. పదో రోజు గడిచాక పశువైద్యుడి చేత పరీక్ష చేయించి, ఆయన రాసి ఇచ్చిన కాగితాన్ని మీరే తీసుకువెళ్లి వారి చేతికి ఇవ్వండి.